విజయ సేవించే రోగికి పరిచర్య – మరుగున పడిన మూడవ పాదం

గంజాయి అన్న మాట చెవిన పడగానే మన మధ్యతరగతి ఇళ్ళలో రెండు విధాల స్పందన కనిపిస్తుంది. కొందరు "అది మత్తుమందు, దాని పేరు కూడా ఇంట్లో ఎత్తవద్దు" అంటారు. మరికొందరు "పసరు మందే కదా, ఏం గాదు, మన పెద్దలు వాడిందే" అని తేల్చివేస్తారు. పత్రికలలోను, సభలలోను జరుగుతున్న వాదోపవాదాలు కూడ ఈ రెండు కొసల మధ్యనే నడుస్తున్నాయి. ఈ మొక్కను మందుగా అనుమతించాలా, నిషేధించాలా అన్నదే అందరి ప్రశ్న. కాని వైద్యుడు వ్రాసి ఇచ్చిన విజయ కల్పమును ఇప్పటికే సేవిస్తున్న రోగి పక్కన రాత్రంతా కూర్చునేవారు ఎవరు, వారికి ఆ మందును గురించి ఏమి చెప్పారు అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినబడదు. నా దృష్టిలో అన్నిటికన్న ముందు అడగవలసిన ప్రశ్న అదే.

చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి. వైద్యుడు, ద్రవ్యము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో పరిచారకునికి ఉండవలసిన గుణములు నాలుగు: ఉపచారం తెలిసి ఉండడం, నేర్పు, రోగి యెడల అనురాగం, శుచిత్వం. గమనించండి, అనురాగంతో పాటు ఉపచార జ్ఞానాన్ని కూడ ఆచార్యుడు కోరినాడు. మన ఇళ్ళలో అనురాగానికి కొదువ లేదు. కొరవడుతున్నది జ్ఞానం. అది కొరవడడం పరిచారకుల తప్పు కాదు. వారికి చెప్పేవారు లేకపోవడమే అసలు లోపం.

శాస్త్రం ఏమన్నది, చట్టం ఏమన్నది

ఈ మొక్కకు మన నిఘంటువులలో భంగ, విజయ, మాతులాని, మాదిని వంటి పేర్లున్నవి. భావప్రకాశ నిఘంటువు దీనిని తిక్త రసము, ఉష్ణ వీర్యము, లఘు తీక్ష్ణ గుణములు కలదిగా చెప్పి, కఫహరమని, గ్రాహి అని, పాచనమని పేర్కొన్నది. ఆ వెంటనే పిత్తాన్ని పెంచుతుందని, మోహమును మదమును కలిగిస్తుందని కూడ హెచ్చరించింది. శార్ఙ్గధర సంహిత భంగను వ్యవాయి ద్రవ్యానికి ఉదాహరణగా చూపింది. వ్యవాయి అంటే జీర్ణం కాకముందే శరీరమంతా వ్యాపించి, ఆ తరువాత పాకం చెందేది. గుణాన్ని చెప్పిన నోటితోనే దోషాన్ని కూడ చెప్పడం మన శాస్త్రకారుల పద్ధతి. నేటి ప్రకటనలలో మొదటి సగమే కనబడుతున్నది.

జాతీఫలాది చూర్ణం, మదనానంద మోదకం వంటి యోగాలలో శుద్ధి చేసిన భంగ చేరుతుంది. ఆకును నీటిలోనో పాలలోనో శోధించి, ఆరబెట్టి, నేతిలో దోరగా వేయించడం వంటి శోధన విధానాలు గ్రంథాలలో ఉన్నవి. ఇవి ఔషధశాలలో, లైసెన్సు కలిగినవారు చేయవలసిన పనులు. ఇంటి వంటగదిలో చేయదగినవి కావు.

ఇక చట్టం మాట. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ఈ మొక్క పూత కంకులను గంజాయి అని, దాని బంకను చరస్ అని నిర్వచించింది. పూత కంకులతో కలవని ఆకు, గింజ ఆ గంజాయి నిర్వచనంలోకి రావు. ఆకు సంగతి రాష్ట్ర ఆబ్కారీ చట్టాల పరిధిలోనిది. వైద్య, విజ్ఞాన ప్రయోజనాలకు నియమబద్ధమైన అనుమతులకు చట్టంలోనే చోటున్నది. ఆయుర్వేద ఔషధాలకు సంబంధించి 1945 నాటి ఔషధ నియమాలలో విష ద్రవ్యాల పట్టిక ఒకటి ఉన్నది. దానిని ఇ-1 షెడ్యూలు అంటారు. గింజ తప్ప భంగ అంతా ఆ పట్టికలో చేరినదే. ఆ పట్టికలోని ద్రవ్యం కలిసిన మందు సీసాపై "జాగ్రత్త, వైద్య పర్యవేక్షణలో మాత్రమే సేవించవలెను" అన్న అర్థం వచ్చే హెచ్చరికను ముద్రించి తీరాలి.

ఆ హెచ్చరికను ఏ భాషలో ముద్రించాలో కూడ నియమం చెప్పింది. ఇంగ్లీషులోను, హిందీలోను. తెలుగులో ముద్రించాలన్న నిబంధన లేదు.

ముప్కాల్ వంటి ఊరిలో ఈ సీసా ఎవరి చేతికి వస్తుంది?

నిజామాబాదు జిల్లాలోని ముప్కాల్‌ను చూద్దాం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మండల కేంద్రమైన ఊరు. హైదరాబాదు – నాగపూరు జాతీయ రహదారి దాపుననే ఉన్నది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు దగ్గరిదే. పసుపు, మక్క, ఎర్రజొన్న పండే నేలలు. మగవారిలో చాలామంది దుబాయి, మస్కట్, సౌదీలలో పని చేస్తుంటారు. ఆడవారు వ్యవసాయంతో పాటు బీడీలు చుడతారు. ఇటువంటి ఇంట్లో మామగారికి క్యాన్సరు వచ్చిందనుకోండి. చికిత్సకు దాదాపు 200 కిలోమీటర్ల దూరాన హైదరాబాదులో ఉన్న ఎం.ఎన్.జె. ఆసుపత్రికి పోవాలి. కీమో ఇచ్చి ఇంటికి పంపుతారు. వాంతులు, నిద్రలేమి, ఒళ్ళు నొప్పులు, అన్నం మీద అయిష్టం అన్నీ ఇంట్లోనే మొదలవుతవి. గల్ఫ్‌లోని కొడుకు ఫోనులో చూసి, వీడియోలో మాట్లాడిన ఒక వైద్యుని చీటీతో విజయ నూనె సీసా ఇంటికి వచ్చే ఏర్పాటు చేస్తాడు. ఆయుష్ లైసెన్సుతో తయారైన ఇటువంటి నూనెలు, మాత్రలు నేడు తపాలా ద్వారా వస్తున్నవి. చట్టబద్ధంగా చూస్తే అందులో తప్పు లేదు.

ఆ సీసాను అందుకునేది కోడలు. అత్తమ్మకు చూపు మందగించింది. పిల్లలు బడికి పోతారు. రోజుకు కొన్ని వందల బీడీలు చుట్టవలసిన ఆ కోడలే నర్సు, ఆమే కాంపౌండరు, ఆమే వంటమనిషి. సీసాపై ఇంగ్లీషు, హిందీ హెచ్చరికలు. ఎన్ని చుక్కలు, ఎప్పుడు, ఏ మందులతో కలపకూడదు, ఏమి జరిగితే భయపడాలి అన్నది ఆమెకు చెప్పినవారు లేరు. వైద్యుడు రోగి కొడుకుతో మాట్లాడినాడు. కొడుకు సముద్రం అవతల ఉన్నాడు. చరకుడు చెప్పిన మూడవ పాదం ఇక్కడ పూర్తిగా మరుగున పడింది.

ఈ మందు దేనికి పనికివస్తుంది?

అతిగా పొగడకుండా, అతిగా భయపెట్టకుండా చెప్పవలసిన మాట ఇది. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2017లో వెలువరించిన సమీక్ష మూడు విషయాలలో గట్టి ఆధారాలున్నవన్నది: పెద్దలలో దీర్ఘకాలిక నొప్పి, కీమో వలన కలిగే వాంతులు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల వ్యాధిలో రోగులు చెప్పే కండరాల బిగువు. తరువాత 2021లో నొప్పి అధ్యయనానికి సంబంధించిన అంతర్జాతీయ సంఘం, నొప్పికి ఈ ద్రవ్యాలను సమర్థించడానికి ఆధారాలు చాలవన్నది. అంటే నిపుణులలోనే ఏకాభిప్రాయం లేదు. పిల్లలలో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకు ఈ మొక్కలోని సి.బి.డి. అనే అంశంతో చేసిన మందును అమెరికా ప్రభుత్వం 2018లో అనుమతించింది. సి.బి.డి. మత్తునివ్వదు. మత్తునిచ్చేది టి.హెచ్.సి. అనే వేరొక అంశం. సీసాలో ఈ రెండింటిలో ఏది ఎంత ఉన్నదో తెలియకుండా చుక్కలు లెక్కపెట్టడం వ్యర్థం.

క్యాన్సరు గడ్డనే ఇది కరగదీస్తుందని చెప్పేవారి మాటలు నమ్మి కీమోను, రేడియేషనును మానుకున్న రోగి తిరిగి రాని కాలాన్ని పోగొట్టుకుంటాడు. విజయ బాధను తగ్గించే సహాయ ఔషధం మాత్రమే. తీవ్రమైన క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ ఉన్నది. 2014లో మాదక ద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దానిని పొందడం సులువు చేశారు. ఆ దారి తెరచి ఉండగా నొప్పి భారమంతా ఒక నూనె సీసా మీద పెట్టడం రోగికి న్యాయం కాదు.

మందు నడిచే వేళ తెలియాలి

నోటి ద్వారా పుచ్చుకున్న విజయ కల్పం వెంటనే పని చేయదు. గుణం కనబడడానికి అర గంట నుండి రెండు గంటల దాకా పడుతుంది. పూర్తి బలం రెండు నుండి నాలుగు గంటలకు తెలుస్తుంది. ప్రభావం ఆరు, ఎనిమిది గంటలు, వృద్ధులలో ఇంకా ఎక్కువ సేపు ఉండవచ్చు. ఇంటి పరిచర్యలో ఎక్కువ ప్రమాదాలకు మూలం ఇక్కడే ఉన్నది. ముప్పావు గంట గడిచినా నొప్పి తగ్గలేదని రెండవ మోతాదు ఇస్తారు. రెండు మోతాదులూ కలిసి ఒకేసారి తలకెక్కుతవి.

ఈ సంగతి కొత్తది కాదు. 1839లో కలకత్తాలో ఓషాగ్నెస్సీ అనే వైద్యుడు ఈ ద్రవ్యాన్ని కీళ్ళవాతం, ధనుర్వాతం వంటి వ్యాధులలో పరీక్షించి ఒక వ్యాసం చదివినాడు. కీళ్ళవాతపు రోగి ఒకనికి మధ్యాహ్నం మందు ఇచ్చారు. కొన్ని గంటలకు అతడు వదరడం, పాటలు పాడడం, అదనంగా అన్నం అడగడం చేసినాడు. ఆపై నిద్రపోయినాడు. రాత్రికి స్పృహ లేకుండా, ఎత్తిన చేయి ఎత్తినట్టే నిలిచే స్థితిలో కనబడినాడు. తరువాత తేరుకున్నాడు. అది ఆసుపత్రి గనుక చూచే కన్ను ఉన్నది. అదే స్థితి అర్ధరాత్రి ఇంట్లో కలిగితే, దీపం ఆర్పి నిద్రపోయిన ఇంటివారికి తెలిసేది తెల్లవారిన తరువాతనే.

పరిచర్య చేసేవారు చూచుకోవలసినవి

1. మోతాదు: వైద్యుడు చెప్పిన కొలత మించరాదు. తక్కువతో మొదలుపెట్టి, కొన్ని రోజులు చూచి, వైద్యుని అడిగిన పిమ్మటనే పెంచాలి. రెండవ మోతాదు ఎన్ని గంటలకు ఇవ్వవచ్చునో ముందే అడిగి కాగితం మీద తెలుగులో వ్రాయించుకోవాలి. మొదటి వారం రాత్రిపూట రోగిని ఒంటరిగా పడుకోనివ్వరాదు.

2. పడిపోవడం: ఈ మందుతో లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతవి. బి.పి. మాత్రలు మింగే వృద్ధులలో ఇది ఇంకా ఎక్కువ. మంచం మీద ముందు కూర్చోబెట్టి, రెండు నిమిషాలు ఆగి, చేయి పట్టుకొని లేపాలి. రాత్రి మరుగుదొడ్డికి పోయే దారిలో దీపం ఉంచాలి. తుంటి ఎముక విరిగిన ముసలివారికి క్యాన్సరు కన్న అదే ముందు ముప్పు తెస్తుంది.

3. ఆహారం: నోరు ఎండుతుంది. గుటక గుటకగా నీరు, పలుచని మజ్జిగ ఇవ్వాలి. ఆకలి పెరగడం కీమో రోగికి మేలే. మధుమేహం ఉన్నవారికి మాత్రం తిండి పెరిగి చక్కెర పెరుగుతుంది, లెక్క చూచుకోవాలి. శాస్త్రం గ్రాహి అన్న మాటను మరవరాదు. మార్ఫిన్ కూడ వాడే రోగికి మలబద్ధకం రెండింతలవుతుంది. మల విసర్జన ఎన్నడు జరిగినదీ గుర్తు వ్రాసుకోవాలి.

4. మనసు: కొందరికి హాయిగా ఉంటే, కొందరికి భయం, గుండెదడ, ఎవరో తనను వెంటాడుతున్నారన్న అనుమానం కలుగుతవి. అప్పుడు వాదించవద్దు, నవ్వవద్దు. వెలుతురు తగ్గించి, తెలిసిన మనిషి చేయి పట్టుకొని "ఇది మందు గుణం, కొన్ని గంటలలో దిగిపోతుంది" అని నెమ్మదిగా చెప్పాలి. మతిభ్రమ చరిత్ర రోగికిగాని, దగ్గరి రక్తసంబంధికులకుగాని ఉంటే ఈ మందు మొదలుపెట్టకముందే వైద్యునికి చెప్పి తీరాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, యుక్తవయసు పిల్లలకు, గుండె జబ్బు ఉన్నవారికి సొంతంగా ఇవ్వనే కూడదు.

5. మత్తు మించితే: చింతపండు రసం, నిమ్మరసం, మజ్జిగ పట్టించే అలవాటు మన వైపు ఉన్నది. మగతలో ఉన్నవారి నోట్లో ఏదీ పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి చూస్తూ ఉండాలి. పిలిచినా లేవకపోయినా, శ్వాస మందగించినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మూర్ఛ వచ్చినా 108కి ఫోను చేయాలి. మందు సీసాను వెంట తీసుకుపోవాలి.

6. భద్రత: మోదకాలు, లేహ్యాలు చూడడానికి మిఠాయిలాగానే ఉంటవి. పెద్దలకు మత్తునిచ్చే మోతాదు చిన్నపిల్లలను స్పృహ తప్పించి ఊపిరికి ముప్పు తేగలదు. తాళం వేసిన పెట్టెలోనే ఉంచాలి. పిల్లవాడు తిన్నట్టు అనుమానం కలిగితే లక్షణాల కోసం ఎదురు చూడకుండా ఆసుపత్రికి పోవాలి.

7. పని: మందు పుచ్చుకున్న రోజు బండి నడపరాదు. రాత్రి కరెంటు వచ్చినదని మోటారు పెట్టడానికి బావి దగ్గరికి పోరాదు. పసుపు ఉడికించే చోట, మక్కలు ఒలిచే మిషను దగ్గర నిలబడరాదు.

8. పొగ: బీడీలో చుట్టి పీల్చడం మందు కాదు. మోతాదుకు కొలత ఉండదు, ఊపిరితిత్తులకు హాని తప్పదు. పూత కంకి చేతిలో ఉంటే చట్టం దానిని గంజాయిగానే చూస్తుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో వాడినవారిలో కొందరికి ఈ మందే వాంతులు పుట్టిస్తుంది. వేడినీళ్ళ స్నానం చేస్తే కొంత హాయి అనిపించడం దాని గుర్తు. కీమో వాంతులనుకొని ఇంటివారు మోతాదు పెంచితే నిప్పులో నెయ్యి పోసినట్టే. అలాగే కొన్ని నెలలు వాడి ఒక్కసారి ఆపినప్పుడు చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం ఒకటి రెండు వారాలు ఉండవచ్చు. వ్యాధి ముదిరిందని బెంగపడే ముందు మందు ఎప్పుడు ఆపినదీ చూచుకోవాలి.

కల్లు సంగతి అడగనిదే పరిచర్య పూర్తికాదు

మన జిల్లాలో ఈ మాట చెప్పకుండా వదలరాదు. నిజామాబాదు ప్రాంతంలో కల్లు దుకాణాలలో అమ్మే కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలిసే దురాచారం ఎన్నో ఏళ్ళుగా ఉన్నది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించిన సంగతి పాఠకులకు తెలుసు. అలవాటుపడినవారు ఒక్క పూట మానితే వణుకు, పిచ్చి మాటలు, మూర్ఛ కూడ వస్తవి.

విజయకు మగత కలిగించే గుణం ఉన్నది. నిద్రమందు కలిసిన కల్లుతో చేరితే ఆ మగత ఎన్నింతలవుతుందో చెప్పలేము. మార్ఫిన్ కూడ వాడే రోగి అయితే ఊపిరికే ముప్పు. కాబట్టి సాయంత్రం మామగారు కల్లు తాగుతాడా, ఎన్ని సీసాలు, నిన్న తాగినాడా అన్నది వైద్యునికి చెప్పాలి. సిగ్గుపడి దాచిపెట్టకూడదు. అదే సమయంలో కల్లును ఒక్కసారి బంద్ చేయించి ఆ చోట విజయను పెట్టడం ఇంకొక ప్రమాదం. ఆ వణుకును, మూర్ఛను ఈ మందు ఆపజాలదు. వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించవలసిందే.

మిగిలిన మందులతో పొత్తు కూడ చూచుకోవాలి. రక్తాన్ని పలుచన చేసే వార్‌ఫారిన్ గుణాన్ని ఇది పెంచి రక్తస్రావం కలిగించవచ్చు. మూర్ఛ రోగులు వాడే క్లోబజామ్‌తో సి.బి.డి. కలిస్తే మగత హెచ్చుతుంది. వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయ పరీక్షలు అవసరమవుతవి.

దాచిపెట్టడమే పెద్ద దోషం

మన రోగులు ఆయుర్వేద వైద్యుని దగ్గర ఇంగ్లీషు మందుల సంగతి, పెద్దాసుపత్రిలో ఆయుర్వేదం సంగతి చెప్పరు. తిడతారన్న భయం. విజయ విషయంలో పోలీసుల భయం దానికి తోడు. ఫలితంగా ఇద్దరు వైద్యులకూ సగం సగం రోగియే కనబడుతున్నాడు. శస్త్రచికిత్సకు ముందు ఈ సంగతి దాచడం మరీ ప్రమాదం. మత్తు ఇచ్చే ముందు రోగులందరినీ ఈ ద్రవ్య వాడకాన్ని గురించి అడగాలని అమెరికా మత్తువైద్య నిపుణుల సంఘం ఒకటి 2023 జనవరిలో మార్గదర్శకాలు వెలువరించింది. గుండె వేగం, మత్తు మోతాదు, తరువాతి నొప్పి అన్నీ దీనితో మారుతవి గనుక. వైద్యుని చీటీ, కొన్న రసీదు, మందు పెట్టె మూడింటినీ ఒక సంచిలో భద్రపరచి ప్రతి వైద్యునికి చూపాలి. చీటీ ఉన్న మందుకు దాపరికం అక్కరలేదు.

గల్ఫ్ పోయే కుటుంబాలకు ఒక హెచ్చరిక. ఇక్కడ చీటీతో కొన్న మందు అక్కడ నేరం కావచ్చు. ఆ దేశాల చట్టాలు చాలా కఠినం. సెలవుకు వచ్చి తిరిగి పోయే కొడుకు పెట్టెలో నాయన వాడిన నూనెగాని, మాత్రలుగాని పొరపాటున కూడ సర్దరాదు.

ఇతర దేశాలు నర్సును ముందు పెట్టినవి

అమెరికాలో రాష్ట్రాల నర్సింగ్ మండలుల జాతీయ సంస్థ 2018లో ఈ విషయమై మార్గదర్శకాలు ప్రకటించింది. ఈ మందు వాడే రోగిని చూచే నర్సుకు ఏమి తెలిసి ఉండాలి, చట్టం ఏమి చెప్తుంది, దుష్ఫలితాలేవి, రోగిని తన అభిప్రాయంతో తూచకుండా ఎలా చూడాలి అన్నవి అందులో ఉన్నవి. కాలిఫోర్నియాలో 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన చట్టం, మరణానికి చేరువైన రోగులు కొన్ని నిబంధనలతో ఆసుపత్రిలో కూడ ఈ మందు వాడుకొనడానికి వీలు కల్పించింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదక ద్రవ్యాల సంఘం ఈ ద్రవ్యాన్ని అత్యంత కఠినమైన పట్టిక నుండి తొలగించినప్పుడు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఓటు వేసిన దేశంలో, ఈ మందును వేల ఏళ్ళుగా ఎరిగిన దేశంలో, దానిని సేవించే రోగికి పరిచర్య ఎలా చేయాలో కోడలికి చెప్పే ఒక్క పేజీ కాగితం మందు పెట్టెలో లేకపోవడం విచారకరం.

ఒక ఆక్షేపణ

"ఇవన్నీ ఇంత వివరంగా చెప్తే జనం దానికి అలవాటు పడరా?" అని కొందరు అడుగుతారు. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. గంజాయి వలన చెడిపోయిన యువకులను మన పట్టణాలలో చూస్తూనే ఉన్నాము. 1893-94లో ఆంగ్ల ప్రభుత్వం నియమించిన సంఘం 1,193 మంది సాక్షులను విచారించి, మితమైన వాడకం వలన పెద్ద హాని లేదని, మితిమీరితే హాని తప్పదని అన్నది. ఆ మితి ఎక్కడ ముగుస్తుందో రోగికి తనకు తానుగా తెలియదు. పక్కనున్నవారికి తెలియాలి. పరిచారికకు జ్ఞానం ఇస్తే వాడకం పెరగదు. దుర్వినియోగాన్ని ముందుగా పట్టుకునేది ఆమే. సీసాలోని మట్టం లెక్క తప్పినదని, ఇంట్లోని యువకుడు దానిని ముట్టినాడని కనిపెట్టేది ఆమే.

ఏమి చేయాలి?

నా సూచనలు నాలుగు. మొదటిది, ఔషధ నియమాలను సవరించి ఇ-1 షెడ్యూలు హెచ్చరికను అమ్మే రాష్ట్రపు భాషలో కూడ ముద్రింపజేయాలి. అప్పటి దాకా కంపెనీలు పెట్టెలో ఒక తెలుగు కరపత్రం పెట్టడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. రెండవది, వీడియోలోనైనా సరే, రోగిని దగ్గరుండి చూచుకునేవారితో మాట్లాడనిదే వైద్యుడు ఈ చీటీ వ్రాయరాదు. మూడవది, ఊళ్ళలో తిరిగే ఏ.ఎన్.ఎం.లకు, ఆశా కార్యకర్తలకు, ఇంటికి వచ్చి చూచే ఉపశమన చికిత్స నర్సులకు ఈ మందు లక్షణాలను గురించి ఒక పూట శిక్షణ ఇవ్వాలి. వారు మందు ఇవ్వనక్కరలేదు, చూచి గుర్తుపట్టగలిగితే చాలు.

నాలుగవది ఇంటివారు రేపటి నుండే చేయదగినది. ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, మందు ఇచ్చిన సమయం, కొలత, ముందు నొప్పి ఎంత, రెండు గంటల తరువాత ఎంత, నిద్ర, భోజనం, విరేచనం, వింత మాటలేమైనా ఉంటే అవి, అన్నీ వరుసగా వ్రాయండి. నొప్పిని అంకెలలో చెప్పలేని పెద్దవారిని "రూపాయికి ఎన్నణాల నొప్పి?" అని అడగండి. పన్నెండణాల నుండి ఆరణాలకు దిగితే మందు పని చేస్తున్నట్టు. పది రోజులు గడిచినా దిగకపోతే ఆ మాట వైద్యునికి చెప్పి, ఖర్చుతో కూడిన ఆ మందును కొనసాగించాలా అని అడగండి. నిజామాబాదులో ఆయుర్వేద వైద్యుడైనా, హైదరాబాదులో క్యాన్సరు వైద్యుడైనా పది నిమిషాల మాటల కన్న ఆ రెండు పేజీల నుండి ఎక్కువ తెలుసుకుంటాడు. ఆ పుస్తకం వ్రాసే చేతికి ఉపచారం తెలిసినట్టే. వైద్యుడు, ద్రవ్యం, రోగి అనే మూడు పాదాలు ఆ చేతి ఆసరాతోనే నిలబడతవి.